కళ్లు మూసుకుని విన్నా అర్థమయ్యే ఆన్‌లైన్ పాఠం ఎలా తయారు చేయాలి

అమలాపురం, పాలకొల్లు, రాజోలు వైపు టీచర్లు నన్ను అడిగే ప్రశ్నలు రెండే రెండు. మొదటిది: "మా క్లాసులో చూపు లేని పిల్ల ఉంది, వాట్సాప్‌లో పాఠం పంపితే ఆ పిల్లకి ఏమీ అందట్లేదండి, ఏం చేయాలి?" రెండోది కాస్త మొహమాటంగా అడుగుతారు: "ఇదంతా నేర్చుకుంటే దీనిమీద ఉద్యోగం ఏమైనా ఉంటుందా?" రెండింటికీ ఇక్కడే చెబుతాను. బడిలో పాఠం చెబుతూ చెబుతూ కంప్యూటర్ పనిలోకి వచ్చినవాణ్ణి నేను, ఇప్పుడు టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడమే నా పని.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇది చూపు లేని పిల్లల కోసం చేసే ప్రత్యేక సేవ అనుకుని మొదలెడితే రెండు వారాల్లో వదిలేస్తారు. బొమ్మ కనిపించకపోయినా నిలబడే పాఠం ఇంకా చాలామందికి పనికొస్తుంది. లంక గ్రామంలో సిగ్నల్ ఒక గీత దగ్గర ఆగిపోయే ఇల్లుంటుంది, పగిలిన స్క్రీను ఫోనుంటుంది, నాన్న రొయ్యల చెరువు నుంచి రాత్రి వచ్చాక గానీ ఫోను చేతికి రాని పిల్లాడుంటాడు. వాళ్లందరికీ అదే పాఠం సరిపోతుంది. కాబట్టి ఒక్క పిల్ల కోసం వేరే పాఠం చేయకండి, అందరికీ పంపే పాఠాన్నే ఇలా చేయండి.

కావాల్సినవి

ఆండ్రాయిడ్ ఫోను ఒకటి. వర్డ్ ఉన్న కంప్యూటర్, లేకపోతే ఫోనులోనే గూగుల్ డాక్స్. మైకు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్. ఫోనులో తెలుగు గొంతు డౌన్‌లోడ్ అయి ఉండాలి: సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ అని వెతికి, గూగుల్ ఇంజిన్ పెట్టుకుని, తెలుగు వాయిస్ దించుకోండి. కంప్యూటర్లో అయితే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంది, అంటే తెర మీద ఉన్నదాన్ని గట్టిగా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు కుర్రాళ్లు మొదలెట్టింది, దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. మరమనిషి గొంతులా ఉంటుంది, అలవాటైపోతుంది.

రింగ్ లైటు, ఖరీదైన కెమెరా, గ్రీన్ స్క్రీను ఇవేవీ ఇప్పుడు కొనకండి. చాలామంది అక్కడే డబ్బు పోసి, అసలు పని దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయి కూర్చుంటారు.

1. ముందు పిల్లల్ని అడగండి

ఎవరికి ఏం ఇబ్బంది అని గ్రూపులో అందరి ముందూ అడగొద్దు. విడిగా ఫోన్ చేసి అమ్మానాన్నలతో, పిల్లలతో మాట్లాడండి. "ఫోను ఇంట్లో ఏ టైముకి ఉంటుంది? అక్షరాలు ఎంత పెద్దవైతే చదవగలవు? వింటే తేలికా, చదివితే తేలికా?" ఈ మూడు ప్రశ్నలు చాలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి 7. డిస్లెక్సియా లాంటి చదువు ఇబ్బందులు కూడా ఇప్పుడు ఆ జాబితాలో ఉన్నాయి. "వీడు బద్ధకస్తుడండీ, చదవమంటే చదవడు" అని మనం తోసేసే పిల్లల్లో అలాంటివాళ్లు ఉండొచ్చు.

2. పాఠాన్ని ముందు అక్షరాల్లో రాయండి, యూనికోడ్‌లోనే

అన్నిటికంటే ఎక్కువ పాఠాలు చెడిపోయేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

మన దగ్గర ప్రశ్నపత్రాలూ నోట్సూ చాలావరకు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపు చేయించినవే. కాగితం మీద అందంగా ఉంటాయి. కానీ ఆ ఫైల్లో నిజంగా ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, వేరే గుర్తులకి తెలుగు బొమ్మ తొడిగారు. స్క్రీన్ రీడర్‌కి ఆ బొమ్మ కనపడదు కాబట్టి కింద ఉన్న గుర్తుల్నే చదువుతుంది, పిల్లకి అర్థం లేని గోల వినిపిస్తుంది. యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ గుర్తుపట్టే సొంత నంబరు ఇచ్చే పద్ధతి, అందులో అయితే అక్షరం అక్షరంగానే ఉంటుంది.

చెక్ చేయడం చాలా తేలిక. ఫైల్లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో మీ నంబరుకే పేస్ట్ చేయండి. తెలుగు తెలుగులా వస్తే సరే. ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ వస్తే అది అను ఫాంటే. కన్వర్టర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, వాడండి, కానీ మార్చాక వత్తులూ దీర్ఘాలూ ఒక్కసారి కళ్లతో చూసుకోండి, ఎక్కువగా తేడా వచ్చేది వాటి దగ్గరే.

కొత్తగా టైపు చేయడానికి బద్ధకమైతే ఫోనులో జీబోర్డు అనే గూగుల్ కీబోర్డు పెట్టుకుని తెలుగులో మాట్లాడండి, అదే టైపు చేస్తుంది. పుస్తకంలో పేజీ కావాలంటే ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్లో దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరవండి, ఫొటో కింద అక్షరాలు వస్తాయి. మన ఇప్పటి ద్విభాషా పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు కాబట్టి రెండూ కలిపి ఫొటో తీయకండి, కలగాపులగం అవుతుంది. ఒక్కో పేజీ విడిగా, వెలుతురులో, నీడ పడకుండా తీయండి. వచ్చిన టెక్స్ట్‌ని దిద్దకుండా పంపొద్దు.

ఇక శీర్షికలు. పెద్ద అక్షరాలు చేసి బోల్డ్ పెడితే అది మన కంటికి మాత్రమే శీర్షిక. వర్డ్‌లో హోమ్ కింద స్టైల్స్‌లో హెడింగ్ 1, హెడింగ్ 2 అని ఉంటాయి, అవి వాడండి. అలా చేస్తే ఎన్‌వీడీఏ వాడే పిల్ల బ్రౌజ్ మోడ్‌లో, అంటే టైపు చేయకుండా చదవడానికే ఉన్న తీరులో, హెచ్ నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకి దూకొచ్చు. లేకపోతే మూడో ప్రశ్న కోసం పాఠమంతా మొదటి నుంచీ వినాలి.

3. పీడీఎఫ్ జాగ్రత్త

ఫోనుతో స్కాన్ చేసి చేసిన పీడీఎఫ్ అంటే ఫొటోల కట్ట, అంతే. అందులో అక్షరాలు ఉండవు. వర్డ్ నుంచి చేసేటప్పుడు కూడా ప్రింట్‌లోకి వెళ్లి పీడీఎఫ్ చేయకండి, శీర్షికల గుర్తులు పోతాయి. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకోండి.

అలా చేసినా తెలుగు పీడీఎఫ్‌లు ఒక్కోసారి దెబ్బతింటాయి, వత్తులు ఎగిరిపోవడం, గుణింతం ముందుకీ వెనక్కీ మారిపోవడం. మళ్లీ అదే కాపీ పేస్ట్ పరీక్ష చేయండి. తప్పొస్తే పట్టుదలకి పోకుండా వర్డ్ ఫైలే పంపండి, లేదా వాట్సాప్ మెసేజ్‌గా టెక్స్ట్ పెట్టేయండి. చాలా చిన్న పాఠాలకి వాట్సాప్ మెసేజ్‌ని మించింది లేదు, నన్నడిగితే.

4. బొమ్మని మాటల్లో చెప్పండి

"గోదావరి డెల్టా పటం" అని కింద రాసి వదిలేస్తారు. చూడగలిగినవాళ్లకి అది అక్కర్లేదు, చూడలేనివాళ్లకి అది చాలదు. ఆ పటంతో పిల్లలకి ఏం తెలియాలని మీరు అనుకుంటున్నారో అది రాయాలి. ఇలాగ:

"పటంలో పై భాగాన ధవళేశ్వరం ఉంది. అక్కడ బ్యారేజీ దాటాక గోదావరి రెండు పాయలవుతుంది. తూర్పు పాయ గౌతమి, యానాం వైపు వెళ్లి సముద్రంలో కలుస్తుంది. పడమటి పాయ వశిష్ఠ, అంతర్వేది దగ్గర కలుస్తుంది. వశిష్ఠ నుంచి మధ్యలో ఇంకో పాయ విడిపోతుంది, అది వైనతేయ. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న భూమి కోనసీమ."

ఇంతే. రంగులు, అంచులు, అలంకారాలు అక్కర్లేదు. పైనుంచి కిందికి, పెద్దదాన్నుంచి చిన్నదానికి వెళ్లండి. వర్డ్‌లో బొమ్మమీద రైట్ క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ అని వస్తుంది, బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడు స్క్రీన్ రీడర్ చదివేది అదే, చిన్న వివరణ అక్కడ రాయండి. ఇంత పొడుగు వివరణ మాత్రం బొమ్మ కిందే మామూలు పేరాగా పెట్టండి, అందరూ చదువుతారు, సిగ్నల్ లేక బొమ్మ దిగనివాళ్లకీ ఉపయోగం. పరీక్ష ప్రశ్నలో బొమ్మ ఉంటే జవాబు బయటపడకుండా రాయాలి, అది మరిచిపోకండి.

చేతికి తగిలే పటం చేస్తే ఇంకా మంచిది, మన ఊళ్లో దానికి ఖర్చు కూడా లేదు. గట్టి అట్ట తీసుకోండి. నది వంకరలకి పురికొస అంటించండి, ఎందుకంటే కొబ్బరి ఈనె ఎక్కువ వంచితే విరుగుతుంది. ఈనెలు కాలవల్లాంటి తిన్నని గీతలకి వాడండి. సముద్రానికి జిగురు రాసి ఇసుక చల్లండి, ధవళేశ్వరం దగ్గర ఒక చొక్కా గుండీ. పటం పైన కుడి మూల కత్తిరించేయండి, దాన్ని తడిమి ఏది పైవైపో పిల్ల తెలుసుకుంటుంది. ఎక్కువ వివరాలు కుక్కొద్దు. వేళ్ల కింద అన్నీ ఒకేలా తగిలితే అది పటం కాదు, గరుకు కాగితం. ఆ అట్టని ముందే ఇంటికి పంపి, తర్వాత ఆడియోలో "గుండీ మీద వేలు పెట్టు, అక్కణ్ణుంచి కుడివైపు పురికొస పట్టుకుని కిందికి రా" అని చెప్పండి.

5. ఆడియో రికార్డు చేయండి

ఒక్కో ముక్క అయిదారు నిమిషాలు దాటొద్దు. సెకనుకి 32 కిలోబిట్ల దగ్గర సేవ్ చేస్తే పది నిమిషాల మాట రెండున్నర ఎంబీ లోపే ఉంటుంది, అదే వీడియో అయితే గంటకి వందల ఎంబీలు తింటుంది. ప్రతి ముక్క మొదట్లో పాఠం పేరు, ముక్క నంబరు, చేతిలో ఏం ఉండాలో చెప్పండి. ప్రతి ముక్కా విడిగా విన్నా అర్థమవ్వాలి, ఎందుకంటే మధ్యలో ఒకటి దిగకపోవచ్చు. ఫ్యాను ఆపండి. కోతల సీజన్లో మిషను మోత పొద్దున్న ఎనిమిదికే మొదలవుతుంది కాబట్టి తెల్లవారుజామునో, కరెంటు పోయినప్పుడో రికార్డు చేసుకోండి, కరెంటు కోతకి కూడా ఒక ప్రయోజనం ఉన్నట్టే.

మాట్లాడేటప్పుడు జరిగే పెద్ద తప్పు ఒకటే: "ఇదిగో ఇక్కడ చూడండి, ఇది వచ్చి దీనికి కలుస్తుంది, అప్పుడు ఇది దానికి సమానం." నలభై మంది పిల్లల ముందు బోర్డు దగ్గర నిలబడి చెప్పిన అలవాటు ఇది, అంత తొందరగా పోదు. "ఇది" బదులు పేరు చెప్పండి: "త్రిభుజం ఏబీసీలో ఏబీ భుజం అయిదు సెంటీమీటర్లు, బీసీ భుజం కూడా అయిదే." మీ పాత రికార్డింగు ఒకటి తీసి "ఇది", "అది", "ఇక్కడ" ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టండి, తల పట్టుకుంటారు. సమీకరణాలు ఫొటో పెట్టకుండా వర్డ్‌లో ఈక్వేషన్ ఎడిటర్‌తో టైపు చేసి, పక్కన "ఎక్స్ వర్గం కూడిక రెండు ఎక్స్" అని చదివే తీరు కూడా రాయండి.

6. వినపడని పిల్లలున్నారా

అప్పుడు ఆడియో ఒక్కటే పంపితే మళ్లీ మొదటికొస్తుంది. రెండో అడుగులో రాసిన టెక్స్ట్ ఇక్కడ పనికొస్తుంది. వీడియో చేస్తే కిటికీకి ఎదురుగా కూర్చోండి, వెనక కిటికీ పెట్టుకుంటే మొహం నల్లగా పడి పెదాలు కనపడవు. క్యాప్షన్లు ఎస్‌ఆర్‌టీ ఫైలుగా చేయొచ్చు, నోట్‌ప్యాడ్ చాలు: వరుస నంబరు, టైము, మాట, ఒక ఖాళీ లైను. సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగు పోయి ప్రశ్నార్థకాలొస్తాయి. లైవ్‌లో మాట్లాడేటప్పుడు ఆండ్రాయిడ్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ తెలుగు మాటని అక్షరాల్లో చూపిస్తుంది, తప్పులు వస్తాయి గానీ అసలు లేకపోవడం కంటే నయం.

అయితే పుట్టుకతో వినపడని పిల్లలకి సైగల భాషే మొదటి భాష అవ్వొచ్చు, తెలుగు వాక్యం వాళ్లకి రెండో భాష. క్యాప్షన్ పెట్టేశాం కదా, అయిపోయిందనుకోకండి. చిన్న వాక్యాలు రాయండి. భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం నిఘంటువు వీడియోల్లో ఉంది, మీ పాఠంలో ముఖ్యమైన మాటలకి సైగలు చూసి నేర్చుకోండి.

7. స్లైడులు చేస్తే

అక్షరాల సైజు 28 కంటే తగ్గించొద్దు, లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ ఇవ్వండి, వత్తులు కింది లైనుకి తగులుతుంటాయి. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్ల లెక్కలో మామూలు అక్షరానికీ వెనక రంగుకీ కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5కి 1 ఉండాలి. ఆ లెక్క ఎవరు చూస్తారండీ అంటే, మధ్యాహ్నం పన్నెండింటికి అరుగు మీద కూర్చుని, బ్రైట్‌నెస్ సగం పెట్టి చూడండి. పసుపూ లేత బూడిద రంగు అక్షరాలు మాయమైపోతాయి. "ఎర్ర రంగులో ఉన్నవి తప్పులు" అని రంగుతో మాత్రమే చెప్పొద్దు, పక్కన తప్పు అని రాయండి.

8. క్విజ్, పరీక్ష

గూగుల్ ఫారమ్ బాగానే పనిచేస్తుంది. జవాబుల ఆప్షన్లు బొమ్మలుగా పెట్టకండి, లాగి జతపరిచే ఆటలు వద్దు. టైమర్ పెడితే మాత్రం అందరికీ ఒకే టైము పెట్టకండి. 2018లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో అర్హులైన దివ్యాంగ విద్యార్థులకి రాత పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాలు అదనం అని ఉంది. మీ చిన్న క్విజ్‌కి ఎవరూ వచ్చి అడగరు, అయినా ఆ లెక్కే పాటించండి: అరగంటకి 40 నిమిషాలు.

9. పంపే పద్ధతి

మొదట టెక్స్ట్, తర్వాత ఆడియో, చివర బొమ్మలు. ఫైలు పేరు "స్కాన్ 0043" అని వదిలేయకండి, "తొమ్మిది సోషల్ డెల్టా పాఠం 2" అని పెట్టండి, స్క్రీన్ రీడర్ ఫైలు పేరే చదివి వినిపిస్తుంది. పొద్దున్న పదింటికి లైవ్ క్లాసు పెడితే సగం ఇళ్లలో ఫోను చెరువు గట్టు మీదో కొబ్బరి తోటలోనో ఉంటుంది. పాఠం ముందే పంపి, రాత్రి ఏడున్నర తర్వాత సందేహాలకి మాత్రమే అరగంట లైవ్ పెట్టుకోండి. జులై, ఆగస్టుల్లో గోదారి పొంగితే లంకల్లో కరెంటు, సిగ్నల్ రెండూ పోతాయి. వరద హెచ్చరిక వినగానే వచ్చే వారం పాఠాలు కూడా పంపేయండి, వీలైతే ప్రింటు తీసి పడవ తిరుగుతుండగానే అందేలా చూడండి.

10. పంపే ముందు పరీక్ష

ఫోనులో టాక్‌బ్యాక్, అంటే ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్, ఆన్ చేసి మీ పాఠం మీరే వినండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది. ఆగండి, ఆన్ చేసే ముందు ఒక హెచ్చరిక: ఆన్ అయ్యాక ఫోను తీరు మారిపోతుంది. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు గబగబా తడితేనే తెరుచుకుంటుంది, జరపడానికి రెండు వేళ్లు కావాలి. ఇది తెలియక కంగారుపడి ఫోను రిపేరు షాపుకి తీసుకెళ్లినవాళ్లు ఉన్నారు. కాబట్టి ముందు దాని షార్ట్‌కట్ ఆన్ చేసుకోండి, అప్పుడు రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కితే ఆఫ్ అయిపోతుంది. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ గోల ఆపడానికి కంట్రోల్ నొక్కండి, మూసేయడానికి ఇన్సర్ట్, క్యూ కలిపి.

ఇప్పుడు కళ్లు మూసుకుని మూడో ప్రశ్న వెతకండి. దొరికిందా? బొమ్మ దగ్గర "ఇమేజ్" అని మాత్రమే చదివి ఊరుకుందా? వర్డ్‌లో రివ్యూ కింద చెక్ యాక్సెసిబిలిటీ కూడా నొక్కి చూడండి, ఆల్ట్ టెక్స్ట్ లేని బొమ్మలు చూపిస్తుంది. రాసింది చెత్తగా ఉంటే మాత్రం అది కనిపెట్టలేదు, "బొమ్మ 1" అని రాసినా బాగుందంటుంది.

తర్వాత అసలైన పరీక్ష పిల్ల దగ్గర. "అర్థమైందా?" అని అడిగితే "ఆయ్, అర్థమైందండి" అనే అంటారు, మన పిల్లల మర్యాద అలాంటిది. పని చెప్పి చూడండి: "వైనతేయ ఏ పాయ నుంచి విడిపోతుందో ఆడియో పెట్టు." అరగంట తర్వాత కూడా జవాబు రాకపోతే తప్పు ఫైల్లో ఉందేమో ముందు చూడండి, తర్వాతే పిల్ల సంగతి.

ఇక ఉద్యోగం మాట

ఉంది. కాకపోతే రెండు దారులు వేరు, వాటిని కలిపేసుకోకండి. బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్ అవ్వాలంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఎడ్ లాంటి గుర్తింపు పొందిన కోర్సు చేసి, భారత పునరావాస మండలి, అదే ఆర్‌సీఐలో రిజిస్టర్ అవ్వాలి. వారం రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ఆ ఉద్యోగం వస్తుందని ఎవరైనా ఫీజు అడిగితే కోర్సు పేరు ఆర్‌సీఐ జాబితాలో ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి. మనకి దగ్గర్లో సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది, చూపుకి సంబంధించిన జాతీయ సంస్థ డెహ్రాడూన్‌లో ఉంది, వాళ్ల కోర్సులు చూడండి.

రెండోది పాఠాలు తయారు చేసే కంపెనీల్లో, యూనివర్సిటీల్లో కంటెంట్ పని. అక్కడ డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణం, అంటే వెబ్‌లో పెట్టేది వైకల్యం ఉన్నవాళ్లకీ అందేలా డబ్ల్యూ3సీ రాసిన నియమాలు, తెలిసి ఉండాలి, తాజా వెర్షన్ 2.2, 2023లో వచ్చింది. ఈ పని తెలుసని సర్టిఫికెట్ ఇచ్చే సీపీఏసీసీ అని అంతర్జాతీయ పరీక్ష ఒకటుంది, కానీ దానికి ముందే పరిగెత్తకండి. మొదట మీ చేతి పని చూపించండి: ఒకే పాఠం మార్చకముందు ఫైలు, మార్చాక ఫైలు, ఏం మార్చారో ఎందుకు మార్చారో ఒక పేజీ. అలాంటివి మూడు పాఠాలు చాలు, ఒకటి లెక్కలు, ఒకటి పటం ఉన్నది, ఒకటి వీడియో. వాటిలో పిల్లల పేర్లు, ఫొటోలు, గొంతులు ఉండకూడదు. ఫలానా పిల్లకి ఫలానా వైకల్యం అన్నది వాళ్ల ఇంటి సంగతి. తల్లిదండ్రులు సరేనన్నా పేరు తీసేసే పెట్టండి, ఆ పిల్ల పెద్దయ్యాక దాన్ని తీసేయమని అడగాల్సిన పరిస్థితి రాకూడదు.